స్టిక్కరు మీద 42 మైళ్లు, జనవరిలో 26: ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న: మేము అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఉంటున్నాం. 2023 మోడల్ టయోటా రావ్4 ప్రైమ్ కొత్తది కొన్నాం. ఇది ప్లగ్-ఇన్ హైబ్రిడ్, అంటే ప్లగ్గు పెట్టి ఛార్జ్ చేసుకునే బ్యాటరీతో పాటు పెట్రోలు ఇంజను కూడా ఉన్న కారు. పూర్తిగా ఛార్జ్ చేస్తే కరెంటు మీద 42 మైళ్లు నడుస్తుందని అద్దానికి అంటించిన స్టిక్కరు మీద ఉంది. నా ఆఫీసు డియర్‌బోర్న్‌లో, రానూపోనూ 45 మైళ్లు. పెట్రోలు అవసరం దాదాపు ఉండదన్న లెక్కతోనే ఈ కారు తీసుకున్నాను. సెప్టెంబరు దాకా 44, 45 మైళ్లు వచ్చేది. డిసెంబరు నుంచి తగ్గుతూ వచ్చి ఈ జనవరిలో 26 దగ్గర ఆగింది. పైగా బ్యాటరీ నిండుగా ఉన్నా కొన్ని రోజులు ఇంజను దానంతట అదే మొదలవుతోంది. డీలరు దగ్గరికి తీసుకువెళ్తే కంప్యూటర్ తగిలించి చూసి, ‘అంతా బాగానే ఉంది’ అని పంపించేశారు. రోజూ గ్యారేజీలోని మామూలు ప్లగ్గుకే పెడతాను. కరెంటు యూనిట్ 18 సెంట్లు, పెట్రోలు గ్యాలను 3.20 డాలర్లు పడుతోంది. ‘ఈ కార్లన్నీ కాగితం మీద లెక్కలే, నిన్ను మోసం చేశారు’ అని మా బావమరిది అంటున్నాడు. బ్యాటరీ పాడయిందా? కారు మార్చేయాలా? హైదరాబాదులో మా తమ్ముడు కూడా హైబ్రిడ్ కొనాలని చూస్తున్నాడు, వాడికి ఏం చెప్పమంటారు?
— ఒక పాఠకుడు, నోవై

సమాధానం: మీ బ్యాటరీ పాడవలేదనే నా నమ్మకం. అందుకు ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. సెప్టెంబరులో 45 మైళ్లు ఇచ్చిన బ్యాటరీ నాలుగు నెలల్లో నలభై శాతం అరిగిపోదు. అరుగుదల ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా జరుగుతుంది. ఒక సెల్లులో నిజంగా లోపం వచ్చి ఉంటే హెచ్చరిక దీపం వెలిగేది, డీలరు తగిలించిన కంప్యూటరులో ఆ లోపం నమోదై కనిపించేది. చలితో పాటు తగ్గుతూ వచ్చింది కాబట్టి కారణం కూడా చలిలోనే వెతకాలి. కారు మార్చే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

అయితే డీలరు మిమ్మల్ని రెండు ముక్కల్లో పంపించేయడం నాకు నచ్చలేదు. కారులో లోపం లేదని చెప్పినవారు, మరి మైళ్లు ఎక్కడికి పోయాయో కూడా చెప్పాలి. కొన్నవారి మనసులో అనుమానం మిగిలిపోవడం ఎవరికీ మంచిది కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 42 సంగతి. అది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ నిర్దేశించిన పద్ధతిలో పరీక్షిస్తే తేలిన అంకె. ప్రయోగశాలలో కారును రోలర్ల మీద నిలబెట్టి, గదిని 68 నుంచి 86 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంచి (ఈ సమాధానంలో డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే), ఊరి రోడ్లను, హైవేను పోలిన వేగాల్లో నడుపుతారు. ఊరికి 55 శాతం, హైవేకి 45 శాతం చొప్పున కలిపి సగటు తీస్తారు. వచ్చిన మైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా స్టిక్కరు మీద వేయరు. హీటరు, ఏసీ, అసలు రోడ్ల మీద మనుషులు పోయే వేగం కూడా లెక్కలోకి రావాలని సాధారణంగా 0.7తో గుణించి తగ్గిస్తారు. ప్రపంచంలో చలామణీలో ఉన్న రేంజ్ (ఒక్క ఛార్జింగ్‌తో నడిచే దూరం) అంకెల్లో ఇది నమ్మదగినదే. కానీ ఆ తగ్గింపు దేశం మొత్తానికి, ఏడాది మొత్తానికి కలిపి వేసిన సగటు. ఒక్క జనవరి నెలలో, ఒక్క నోవైలో ఎంత వస్తుందో అది చెప్పదు.

పరీక్ష పద్ధతి మారితే అంకె ఎంత మారుతుందో మీ కారే సాక్ష్యం. ఇదే బండిని, ఇదే 18.1 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో యూరప్‌లో 75 కిలోమీటర్ల రేంజ్ అని, జపాన్‌లో 95 కిలోమీటర్లని అమ్మారు. మీ 42 మైళ్లను కిలోమీటర్లలోకి మారిస్తే 68. ఒకే కారుకు మూడు చోట్ల మూడు అంకెలు. మూడూ నియమాల ప్రకారం కట్టినవే. మీ బావమరిది దీన్ని మోసం అంటున్నారు, నేను అలా అనను. రెండు కార్లను పక్కపక్కన పెట్టి ఏది మెరుగో తేల్చుకోవడానికి ఈ అంకెలు పనికొస్తాయి. రేపు ఉదయం ఎన్ని మైళ్లు వస్తాయో చెప్పడానికి అవి పుట్టలేదు. స్టిక్కరు మీద ఈ తేడా తెలిసేలా రాయకపోవడం మాత్రం లోటే.

ఇక మైళ్లు ఎక్కడికి పోతున్నాయో చూద్దాం. కరెంటు బిల్లులో మనం యూనిట్ అనేదే కిలోవాట్ అవర్. మీ బ్యాటరీ 18.1 యూనిట్లదే అయినా, అందులో సుమారు 14 యూనిట్లనే కారు వాడుకోనిస్తుంది. మిగిలింది చాలావరకు అట్టడుగున అట్టేపెడుతుంది. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది, పైగా రేంజ్ సున్నా చూపించిన తర్వాత కూడా హైబ్రిడ్‌గా నడవడానికి కొంత కరెంటు కావాలి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లన్నీ ఇలాగే చేస్తాయి. 2011 మోడల్‌గా వచ్చిన మొదటి షెవర్లే వోల్ట్ అయితే 16 యూనిట్ల బ్యాటరీలో పది చిల్లర మాత్రమే వాడేది. సరే, 14 యూనిట్లతో 42 మైళ్లంటే యూనిట్‌కు మూడు మైళ్లు. ఈ మూడును గుర్తుంచుకుంటే మిగతా లెక్క మీరే కట్టుకోవచ్చు.

పెట్రోలు కారులో హీటరుకు విడిగా ఖర్చు ఉండదు. ఇంజను ఎలాగూ పెట్రోలులోని శక్తిలో సగానికి పైగా వేడిగా పోగొట్టుకుంటుంది, అందులో కొంత లోపలికి మళ్లిస్తే సరిపోతుంది. మోటారు అంత వేడి పుట్టించదు. అందువల్ల కరెంటు మీద నడుస్తున్నంతసేపూ మీ కాళ్లకు తగిలే వెచ్చదనమంతా ఆ 14 యూనిట్లలో నుంచే రావాలి. మీ కారులో హీట్ పంప్ ఉంది కాబట్టి కొంత నయం. అది బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది, మామూలు కరెంటు హీటరు కంటే తక్కువ తింటుంది. అయినా తింటుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మోటారు మైలును బట్టి తింటుంది, హీటరు గంటను బట్టి తింటుంది. మంచు పడిన రోజు లివోనియా దగ్గర ఐ-96 హైవే మీద బండ్లన్నీ నత్తనడక నడుస్తున్నాయనుకోండి. రోజూ అరగంటలో అయిపోయే ప్రయాణం గంటా పది నిమిషాలు పట్టింది. హీటరు, అద్దాల మీద మంచు కరిగించే తీగలు, సీట్ల వేడి అన్నీ కలిసి రెండున్నర కిలోవాట్లు లాగుతున్నాయనుకుంటే ఆ ఒక్క పూటకే మూడు యూనిట్ల దాకా ఖర్చు. మూడు యూనిట్లంటే తొమ్మిది మైళ్లు. చక్రం తిప్పడానికి ఒక్క వాటు కూడా పోకుండానే మీ రేంజ్‌లో అయిదో వంతు కరిగిపోయింది. మెల్లగా పోతే రేంజ్ పెరుగుతుందన్న వేసవి సూత్రం చలికాలంలో ఒక హద్దు దాటాక తలకిందులయ్యేది ఇందుకే.

హీటరు ఒక్కటే కారణం కాదు. చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టి బయటికి రానట్టు, చల్లబడిన బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. ఉన్న శక్తి అంతా చేతికి రాదు. బ్రేకు వేసినప్పుడు తిరిగి రావాల్సిన కరెంటును కూడా చల్లటి బ్యాటరీ పూర్తిగా తీసుకోలేదు. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. 75 డిగ్రీల గాలితో పోలిస్తే 20 డిగ్రీల గాలి సాంద్రత పది శాతానికి పైగా ఎక్కువ, దాన్ని చీల్చుకుని పోవడానికి అంత ఎక్కువ శక్తి కావాలి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పడిపోయినప్పుడు టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో నింపించి మళ్లీ చూడకపోతే జనవరికి అయిదారు పీఎస్‌ఐ తక్కువతో తిరుగుతున్నట్టే. రోడ్డు మీద బురద మంచు ఉంటే చక్రం దాన్ని తోసుకుంటూ పోవాలి. మంచు టైర్లు వేయించి ఉంటే వాటి రాపిడి ఇంకొంచెం. విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్నవే, కూడితే మైళ్లు.

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో అయిదు కరెంటు కార్లను పరీక్షించి ఒక నివేదిక ఇచ్చింది. బయట 20 డిగ్రీలు ఉండి హీటరు వేసి నడిపితే రేంజ్ సగటున 41 శాతం తగ్గింది. అవి పూర్తిగా కరెంటు మీదే నడిచే కార్లు, మీది వేరు. కానీ సూత్రం ఒకటే. డెట్రాయిట్ ప్రాంతంలో జనవరి రాత్రులు సగటున దిగేది కూడా ఆ 20 డిగ్రీల దాపులకే. మీ 45 మైళ్లలో 41 శాతం తీసేస్తే 26, 27 మిగులుతుంది. మీరు రాసింది 26.

దానికి తోడు మీ దారి. నోవై నుంచి డియర్‌బోర్న్ ప్రయాణంలో ఎక్కువ భాగం ఐ-96, సౌత్‌ఫీల్డ్ ఫ్రీవే. ఈపీఏ సగటులో ఊరి రోడ్లకే సగానికి పైగా వాటా ఉందని చెప్పాను కదా, మీకు ఆ వాటా లేదు. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 65 మైళ్ల వేగంతో పోలిస్తే 75 వేగంలో అది మూడో వంతు ఎక్కువ. రావ్4 లాంటి ఎత్తయిన బండికి ఈ దెబ్బ సెడాన్ కంటే గట్టిగా తగులుతుంది.

ఇక బ్యాటరీ నిండుగా ఉండగా ఇంజను ఎందుకు లేస్తోందన్న ప్రశ్న. మీకు ఎక్కువ కలత కలిగించింది ఇదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, బయట సుమారు 14 డిగ్రీల కంటే కిందికి పోతే మీ హీట్ పంప్ తోడుకోవడానికి గాలిలో వేడి చాలదు. అప్పుడు హీటరు వేసి ఉంటే కారు ఇంజనును నడిపి ఆ వేడిని వాడుకుంటుంది. రెండు, ముందు అద్దం డీఫ్రాస్ట్ మీట. అది నొక్కితే అద్దం త్వరగా తేటపడాలి కాబట్టి కారు ఇంజను సాయం తీసుకుంటుంది. పొద్దున్నే అలవాటుగా ఆ మీట మీద వేలు పడుతోందేమో గమనించండి. అద్దం మసకగా ఉంటే మాత్రం ఇంజను సంగతి మరచిపోయి మీట నొక్కండి. దారి కనిపించడం ముఖ్యం, రేంజ్ కాదు.

ఈ విషయంలో కార్లన్నీ ఒక తీరుగా ఉండవు. వోల్ట్‌లో ఇంజను ఎన్ని డిగ్రీల దగ్గర హీటరుకు సాయం రావాలో యజమానే ఎంచుకునే వీలు ఇచ్చారు. 35 డిగ్రీలైనా పెట్టుకోవచ్చు, 15 అయినా పెట్టుకోవచ్చు. కొన్ని ఇతర ప్లగ్-ఇన్ హైబ్రిడ్లలో అసలు కరెంటు హీటరే ఉండదు, కాస్త వెచ్చదనం కావాలన్నా ఇంజను తిరగాల్సిందే. మిషిగన్, మిన్నెసోటా, టొరంటోల వైపు ఉండే మనవాళ్లెవరైనా ఇలాంటి కారు కొనే ముందు డీలరును అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ‘హీటరు వేస్తే ఇంజను లేస్తుందా, లేవదా?’ స్టిక్కరు మీద ఈ సమాచారం ఉండదు. 35 మైళ్ల రేంజ్ ఉండి హీట్ పంప్ ఉన్న కారు, 40 మైళ్ల రేంజ్ ఉండి హీటరుకు ఇంజనే దిక్కయిన కారు కంటే ఆ చలిలో ఎక్కువ కరెంటు మైళ్లు ఇస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. మీరు ధరలు రాయడం మంచిదయింది. ఖాళీ బ్యాటరీ నిండడానికి గోడ ప్లగ్గు నుంచి సుమారు 15 యూనిట్లు లాగుతుంది. ఛార్జింగ్‌లో కొంత వేడిగా పోతుంది కాబట్టి 14 చాలదు. 18 సెంట్ల చొప్పున 2.70 డాలర్లు. సెప్టెంబరులో ఆ డబ్బుతో 45 మైళ్లు నడిచారు. అదే దూరం పెట్రోలు మీద హైబ్రిడ్‌గా, గ్యాలనుకు 38 మైళ్ల చొప్పున నడిపితే 3.79 డాలర్లు అయ్యేది. రోజుకు డాలరు పైన మిగిలింది. జనవరిలో అదే 2.70 డాలర్లకు 26 మైళ్లు. 38 మైళ్ల చొప్పునే చూస్తే పెట్రోలు 2.19 డాలర్లకే ఆ దూరం పోతుంది. అంటే కరెంటే ఖరీదు అనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. చలికాలపు కరెంటును వేసవి పెట్రోలుతో పోలుస్తారు. చలి పెట్రోలునూ వదలదు. అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచారం ప్రకారం 77 డిగ్రీలతో పోలిస్తే 20 డిగ్రీలప్పుడు ఊళ్లో నడిపేటప్పుడు మామూలు పెట్రోలు కారు మైలేజీ 15 శాతం దాకా, హైబ్రిడ్‌ది 30 నుంచి 34 శాతం దాకా పడిపోతుంది. మీది ఇరవై పైచిలుకు మైళ్ల ప్రయాణం కాబట్టి అంత పడకపోవచ్చు. గ్యాలనుకు 30 అనుకుందాం. అప్పుడు 26 మైళ్లకు పెట్రోలు 2.77 డాలర్లు. కరెంటు 2.70. అటూ ఇటూ సమానం. గడ్డకట్టే రోజుల్లో ఇంజను నడిచినందుకు మీ జేబుకు చిల్లు పడడం లేదు. ఆ సంగతి మనసులో పెట్టుకుంటే తెర మీద అంకె తగ్గుతున్నప్పుడల్లా బాధపడి, హీటరు ఆపేసి చలికి వణుకుతూ ఆఫీసుకు పోవలసిన పని ఉండదు. అలా చేసేవాళ్లను నేను చూశాను. పిల్లలను వెనక కూర్చోబెట్టుకుని కూడా హీటరు ఆపేస్తారు. దయచేసి అలా చేయకండి.

ఇంతకీ ఏడాది మొత్తం మీద మీకు ఏం దక్కుతుంది? అయిదు నెలలు సగటున 28 మైళ్లు, మిగతా ఏడు నెలలు 43 అనుకోండి. ఏడాది సగటు 37 దగ్గర తేలుతుంది. మీ రోజువారీ 45 మైళ్లలో ఇది 80 శాతం పైనే. అంటే ఆఫీసు ప్రయాణంలో అయిదు వంతుల్లో నాలుగు వంతులు కరెంటు మీదే జరుగుతుంది. నా దృష్టిలో ఇలాంటి కారును తూచవలసిన అంకె ఇదే. జనవరి ఉదయం తెర మీద కనిపించేదాన్ని బట్టి తూచకూడదు. ఆ తెర మీద అంకె కూడా గతంలో మీరు ఎలా నడిపారో చూసి కారు వేసుకునే అంచనా మాత్రమే. నిన్న హైవే మీద హీటరుతో నడిపితే ఇవాళ తక్కువ చూపిస్తుంది. వాతావరణం తేలికపడ్డాక కూడా ఆ అంచనా కోలుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది.

బావమరిది గారి మాటలో ఒక నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. 2024 మార్చిలో యూరోపియన్ కమిషన్ ఒక నివేదిక విడుదల చేసింది. 2021లో రిజిస్టరైన కార్లలోని మీటర్ల నుంచి నేరుగా సేకరించిన సమాచారం అది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్, ప్రయోగశాల అంకె కంటే సగటున మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. అదే మామూలు పెట్రోలు, డీజిల్ కార్లకు తేడా 20 శాతం దగ్గర ఉంది. ఇంత అంతరానికి కారణం చలి కాదు. చాలామంది ప్లగ్గు పెట్టడం లేదు. పన్ను రాయితీ కోసం కంపెనీలు ఈ కార్లు కొని ఉద్యోగులకు ఇస్తాయి, పెట్రోలు ఖర్చు కూడా కంపెనీదే. ఇంటి కరెంటు బిల్లు మాత్రం ఉద్యోగిది. ఇక ప్లగ్గు ఎవరు పెడతారు? బ్రిటన్‌లో ఇలా వాడి తిరిగి అప్పగించిన కొన్ని కార్లలో ఛార్జింగ్ కేబుల్ చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డిక్కీలో ఉండిపోయిందని 2018లో వార్తలు వచ్చాయి. యంత్రంలో లోపం లేకపోయినా, వాడకం తీరు వల్ల అది బరువైన పెట్రోలు కారుగా మిగిలిపోయింది. మీరు రోజూ రాత్రి ప్లగ్గు పెడుతున్నారు. కాబట్టి ఆ లెక్క మీకు వర్తించదని ఆయనకు చెప్పండి.

ఇక మీ దారిలో ఏం చేయవచ్చో చెబుతాను. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది, కారు ప్లగ్గుకు ఉండగానే లోపలి భాగాన్ని వెచ్చబెట్టడం. బయలుదేరే ముందు పావుగంట సేపు రిమోట్‌తో గానీ ఫోనులోని యాప్‌తో గానీ హీటరు వేయండి. కారు లోపలంతా చల్లబడి ఉన్నప్పుడు మొదటి పది నిమిషాల్లోనే హీటరు అత్యధికంగా లాగుతుంది. ఆ భారం గోడ కరెంటు మోస్తే బ్యాటరీ చక్రాలకు మిగులుతుంది. మామూలు 120 వోల్టుల ప్లగ్గు 1.4 కిలోవాట్లకు మించి ఇవ్వలేదు, హీటరు దానికంటే ఎక్కువ అడిగితే మిగతాది బ్యాటరీ నుంచే పోతుంది. 240 వోల్టుల లైను పెట్టించుకుంటే ఈ ఒక్క విషయంలో నిజంగా లాభం. అంతకు మించి మీకు దాని అవసరం లేదు. 120 వోల్టుల మీద మీ కారు నిండడానికి 12 గంటలు పడుతుంది, రాత్రి అంత సమయం ఉంది. మీ ప్రాంతపు కరెంటు కంపెనీ డీటీఈ సాధారణ టారిఫ్ ప్రకారం పనిదినాల్లో మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 7 దాకా కరెంటు ఖరీదు ఎక్కువ. సాయంత్రం 7కు మొదలయ్యేలా పెట్టుకోండి. ఉదయం 7 ప్రాంతంలో నిండుతుంది, అప్పుడే ఛార్జింగ్ ముగించుకున్న బ్యాటరీ రాత్రంతా ఊరికే ఉన్నదానికంటే కాస్త వెచ్చగా కూడా ఉంటుంది.

సీటు హీటరు, స్టీరింగ్ హీటరు ధారాళంగా వాడుకోండి. కారులోని గాలినంతా వెచ్చబెట్టడం కంటే ఒంటికి నేరుగా వెచ్చదనం ఇవ్వడానికి చాలా తక్కువ కరెంటు చాలు. అవి వేసుకుని లోపలి ఉష్ణోగ్రతను మూడు నాలుగు డిగ్రీలు తగ్గించుకున్నా చలి తెలియదు. నెలకోసారి టైర్లలో గాలి చూసుకోండి. పైన సామాను పెట్టె బిగించి ఉంటే ప్రయాణం లేని రోజుల్లో తీసేయండి.

దారిని రెండుగా విడగొట్టడం నేర్చుకుంటే ఇంకా మంచిది. జనవరిలో 26 మైళ్లే ఉన్నప్పుడు ఎలాగూ 45 మైళ్లూ కరెంటు మీద పోలేరు. ఎక్కడో ఒకచోట ఇంజను తిరగాల్సిందే, అది ఎక్కడ తిరగాలో మీరు నిర్ణయించండి. మీ కారులో ఈవీ (కరెంటు మీదే), హెచ్‌వీ (ఇంజనుతో హైబ్రిడ్‌గా) అని మార్చే మీట ఉంది కదా. బాగా చలిగా ఉన్న రోజు ఐ-96 ఎక్కగానే హెచ్‌వీలో పెట్టండి. ఇంజను స్థిరమైన వేగంతో, తనకు అనువైన చోట పనిచేస్తుంది, దాని వేడితో కారు లోపల ఉచితంగా వెచ్చబడుతుంది. ఫ్రీవే దిగి డియర్‌బోర్న్ వీధుల్లోకి వచ్చాక ఈవీకి మార్చండి. అప్పటికి ఇంజను నీళ్లు కాగి ఉంటాయి కాబట్టి ఆ వెచ్చదనం మరికొంతసేపు హీటరును ఆదుకుంటుంది. ఆగి ఆగి పోయే రోడ్ల మీద మోటారు గొప్పతనం తెలుస్తుంది. చల్లటి ఇంజనును రెండేసి నిమిషాలు నడిపి ఆపేయడం కంటే ఇలా ఒక్కసారి పూర్తిగా వేడెక్కనివ్వడం ఇంజనుకూ మేలు. హెచ్‌వీ మీటను అలాగే నొక్కి పట్టుకుంటే ఇంజనుతో బ్యాటరీని ఛార్జ్ చేసే పద్ధతి ఒకటి వస్తుంది. రోజువారీ ప్రయాణంలో దాని జోలికి పోవద్దు. పెట్రోలు కాల్చి కరెంటు చేసి, దాన్ని దాచి, మళ్లీ తీసి వాడడంలో ప్రతి మెట్టులోనూ నష్టమే.

ఇంకొక పని, బహుశా అన్నిటికంటే విలువైనది. మీ ఆఫీసు పార్కింగులో ఛార్జింగ్ దొరుకుతుందేమో అడగండి. పెద్ద ఛార్జరే అక్కర్లేదు. మామూలు 120 వోల్టుల ప్లగ్గు ఎనిమిది గంటలు దొరికినా 11 యూనిట్లు ఎక్కుతాయి. అంటే జనవరిలో సైతం తిరుగు ప్రయాణం దాదాపు అంతా కరెంటు మీదే. ఒకరు అడిగితే కుదరదంటారు. మీ ఆఫీసులో ఇలాంటి కార్లున్న నలుగురైదుగురు కలిసి అడిగితే వినే అవకాశం ఉంది.

మీ తమ్ముడి విషయం క్లుప్తంగా. భారత్‌లో ఖరీదైన విలాసవంతమైన కార్లలో తప్ప ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు పెద్దగా లేవు. ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటి వాటిలో హైబ్రిడ్ అని అమ్మేది మరో రకం. వాటి బ్యాటరీ చాలా చిన్నది, ప్లగ్గు ఉండదు, ఇంజను, బ్రేకుల నుంచి వచ్చే కరెంటుతోనే నిండుతుంది. హైదరాబాదులో చలి బాధ లేదు. మే నెల ఎండకు ఏసీ భారం ఉంటుంది, కానీ చలి అంత కాదు. పైన చెప్పిన 2019 పరీక్షలోనే 95 డిగ్రీల ఎండలో ఏసీతో నడిపితే రేంజ్ 17 శాతమే తగ్గింది. అపార్టుమెంటు పార్కింగులో సొంత మీటరు నుంచి ప్లగ్గు పెట్టుకోగలిగి, తిరుగుడు ఎక్కువగా నగరంలోనే అయితే పూర్తి కరెంటు కారే మేలని నా అభిప్రాయం. భారత్‌లో కార్లను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ధ్రువీకరించిన రేంజ్‌లో మూడింట రెండు వంతులే చేతికి వస్తుందని ముందే లెక్క వేసుకోమనండి. ప్లగ్గుకు దారి లేకపోయినా, నెలకు రెండు మూడు సార్లు ఊరికి పోయి వచ్చే పని ఉన్నా హైక్రాస్ లాంటి హైబ్రిడ్ తీసుకోవచ్చు.

చివరగా, అనుమానం పూర్తిగా తీరాలంటే చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. ఇప్పుడు కాదు, మే నెలలో పగటి వేళ 70 డిగ్రీలు వచ్చాక చేయండి. ప్లగ్గుకు, ఛార్జింగ్ కేబుల్‌కు మధ్య పెట్టే చిన్న కరెంటు మీటరు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. 12 ఆంపియర్లు గంటల తరబడి తట్టుకునేది చూసి తీసుకోండి, మొదటి గంటలో ఒకసారి చేత్తో తాకి వేడెక్కడం లేదని నిర్ధారించుకోండి. కరెంటు రేంజ్ సున్నా అయ్యేదాకా నడిపి, ఇంటికి వచ్చి, రాత్రంతా ఛార్జ్ చేసి మీటరు మీద ఎన్ని యూనిట్లు ఎక్కాయో రాసుకోండి. మర్నాడు ట్రిప్ మీటరు సున్నా చేసి, హీటరు, ఏసీ లేకుండా, 60 దాటకుండా నడిపి ఇంజను లేచేదాకా ఎన్ని మైళ్లు వచ్చాయో చూడండి. ఎక్కినవి 15, 16 యూనిట్లు ఉండి మైళ్లు 40 దాటితే మీ బ్యాటరీ నిక్షేపంగా ఉన్నట్టే. 12 యూనిట్లు కూడా ఎక్కకపోతే మాత్రం ఆ రెండు అంకెలు, తేదీతో సహా కాగితం మీద రాసుకుని సర్వీసుకు వెళ్లండి. మీ కారు హైబ్రిడ్ బ్యాటరీలో తయారీ లోపాలకు 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్లు, ఏది ముందయితే అంతవరకు వారంటీ ఉంది. ‘అంతా బాగానే ఉంది’ అన్న మాటతో ఈసారి వెనక్కి రావద్దు, కొలిచిన సామర్థ్యం ఎంతో రాతపూర్వకంగా అడగండి.